మందు పెట్టిన చెయ్యి

మా వీధిలో ఎవరి కొడుకైనా పెళ్ళయిన కొత్తలో తల్లి మాట వినడం కాస్త తగ్గించాడంటే, మా నాయనమ్మ దగ్గర తీర్పు సిద్ధంగా ఉండేది. "మందు పెట్టిందే!" అనేది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. కొడుకు వేరు కాపురం పెట్టినా మందే. జీతం తెచ్చి పెళ్ళాం చేతికిచ్చినా మందే. పండక్కి అత్తారింటికి వెళ్ళినవాడు అదనంగా రెండు పూటలు ఉండిపోతే, అక్కడ పాయసంలో కలిపి మరీ పెట్టారన్న మాట.

కొండవీటి కొండ కనిపించే ఊరు మాది. గుంటూరు జిల్లా, నల్లరేగడి, పత్తీ మిరపా. నేను చెబుతున్నది 1970ల సంగతి. అప్పటికి నాకు తెలిసిన మందు ఒకటే. ఊళ్ళో డాక్టరుగారి కాంపౌండరు సీసాలో పోసిచ్చే ఎర్రటి నీళ్ళు. సీసాకి ఒక పక్క, అంచులు కోణాలుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించి ఉండేది. ఒక్కో కోణానికి ఒక్కో మోతాదు. చేదుగా ఉండేది, తాగితే జ్వరం తగ్గేది. ఎవరైనా ఎవరికైనా మందు ఇస్తే మంచిదేగా, దానికి ఇంత గుసగుస ఎందుకో అర్థమయ్యేది కాదు. అడిగితే నాయనమ్మ, "ఆ మందు కాదురా, మరులుమందు" అని గొంతు తగ్గించేది. అంతకంటే ముందుకు వెళ్ళాలంటే నేను వక్క కత్తిరించి పెట్టాలి, ఆకులకు ఈనెలు తియ్యాలి. తాంబూలం నోట్లో పడ్డాక మాట సాగేది.

మరులు అంటే వలపు. మనిషిని తన మీద తనకే అదుపు లేకుండా చేసే వలపు. అడవిలో మరులుతీగ ఉంటుందట, దాన్ని తొక్కినవాడు దారి తప్పి తిరిగిన చోటే తిరుగుతుంటాడట. మరులుమందు మింగిన మగాడిదీ అదే పరిస్థితి, కాకపోతే వాడు తిరిగేది పెళ్ళాం చుట్టూ. దానికీ ఒక శాస్త్రం ఉండేది నాయనమ్మ దగ్గర. మందు తీపిలోనే పెడతారు, అదీ తెల్లటి తీపిలో. పాలు, పాయసం, కోవా. కారంలో పెడితే విరిగిపోతుంది. పరాయి ఇంట్లో అరటిపండు ఇస్తే తొక్క నువ్వే వలుచుకోవాలి, వలిచి ఇచ్చింది తినకూడదు. కిళ్ళీ చుట్టి ఇస్తే విప్పి చూసుకోవాలి. ఇంతకీ ఆ మందులో ఏముంటుంది? గోళ్ళు, వెంట్రుకలు కాల్చిన మసి, వల్లకాటి బూడిద, ఏవో వేళ్ళు, పిల్లలకి చెప్పకూడనివి ఇంకొన్ని. కడుపులోకి వెళ్ళింది అరగదు, బయటికి రాదు. లోపలే అంటుకుని ఉండి మనిషిని లొంగదీస్తుంది, మోతాదు మించితే చిక్కి శల్యం చేస్తుంది.

ఈ మాటలో మందు కంటే దాని వెనకున్న క్రియాపదం అసలైనదని చాలా ఏళ్ళకి గాని నాకు తట్టలేదు. డాక్టరు మందు ఇస్తాడు. కాంపౌండరు మందు కలుపుతాడు. వలపుమందు మాత్రం పెడతారు. అన్నం పెట్టినట్టు, పెరుగు పెట్టినట్టు, పిల్లాడికి గోరుముద్దలు పెట్టినట్టు. ఆ క్రియ వంటింటిది. అంటే ఆ నేరం చెయ్యగలిగింది రోజూ అన్నం పెట్టే మనిషే. అనుమానించడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు, వడ్డించిన చెయ్యి చాలు.

మన కథల్లో మాయ ఎలా పని చేస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మగవాళ్ళు మాయను తాగించరు, పూస్తారు. మనుచరిత్రలో సిద్ధుడు ప్రవరుడి కాళ్ళకు పాదలేపం పూశాడు. హిమాలయాల్లో మంచు తగిలి అది కరిగిపోయాక గాని అసలు కథ మొదలు కాలేదు. కంటికి అంజనం పెట్టుకుంటే నిధులు కనిపిస్తాయి, ఒంటికి పసరు రాస్తే మనిషి చిలుకవుతాడు, కమండలంలో నీళ్ళు చల్లితే రాయి అవుతాడు. సిద్ధుడు పూస్తే దాని పేరు విద్య. ఇల్లాలు అన్నంలో కలిపితే దాని పేరు మందు. తాగే మాయల్లో పరువైనది అమృతం ఒక్కటే, దాన్ని పంచినదీ ఆడ వేషం వేసుకున్న విష్ణుమూర్తే. ఆ మోహిని పంక్తిలో నిలబడి వడ్డిస్తూ రాక్షసుల్ని మోసం చేసిందని మనం ఎంత సంబరంగా చెప్పుకుంటామో!

దీని మీద మొదటిసారి ఎదురుమాట నేను విన్నది శ్రీరామనవమి పందిట్లో. హరికథ చెప్పే ఆయన రామకథ మధ్యలో ఆపి, పిట్టకథగా భారతంలోకి వెళ్ళాడు. అరణ్యవాసంలో ఉన్న పాండవుల్ని చూడటానికి కృష్ణుడు సత్యభామతో కలిసి వచ్చాడు. మగవాళ్ళు వాళ్ళ మాటల్లో వాళ్ళుంటే, సత్యభామ ద్రౌపదిని పక్కకు పిలిచి అడిగింది. ఐదుగురు మొగుళ్ళు నీ మాట జవదాటరే, ఏం చేశావు? వ్రతమా, జపమా, మంత్రమా, వేరేదైనా మందా? నాకూ చెప్పు, నా కృష్ణుణ్ణి నేనూ కట్టేసుకుంటాను. ద్రౌపదికి ఒళ్ళు మండింది. పెళ్ళాం మందుల్లో మంత్రాల్లో పడిందని తెలిసిన మొగుడికి, ఇంట్లో పాము దూరినప్పుడు ఉన్నంత భయం పుడుతుంది, భయం ఉన్నచోట శాంతి ఎక్కడిది, సుఖం ఎక్కడిది అంది. అక్కడితో ఆగలేదు. ఇలాంటి మందులు పెట్టి మొగుళ్ళకు జలోదరాలు తెచ్చినవాళ్ళున్నారు, బొల్లి తెచ్చినవాళ్ళున్నారు, ముసలితనం, నపుంసకత్వం, మతిలేనితనం, గుడ్డితనం, చెవుడు తెచ్చినవాళ్ళున్నారు అని ఏకరువు పెట్టింది. ఇది వ్యాసుడి వనపర్వంలో ఉంది. తెలుగులో అరణ్యపర్వంలో నన్నయ ఆపిన చోటి నుంచి పూర్తి చేసింది ఎర్రన కాబట్టి ఈ ఘట్టం ఆయన వంతుకు వచ్చింది. ఎర్రన అంటే మా పక్కవాడే, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఉన్న కవి.

పందిట్లో ఆడవాళ్ళంతా ముసిముసిగా నవ్వుకున్నారు. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చేటప్పుడు దారిలో, "చూశావా, ద్రౌపది కూడా మందు ఉందనే చెప్పింది. లేదన్లేదు" అంది. ఆ ఘట్టం నుంచి ఆమె తీసుకున్న నీతి అదీ. నిజానికి ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. మందు పని చెయ్యదని ద్రౌపది అనలేదు. వలపు పుట్టదు, రోగాలు పుడతాయి అంది. కామసూత్రాల్లో ఏడో అధికరణం మొత్తం ఇలాంటి మందుల తయారీలతోనే నిండి ఉంటుంది. అర్థశాస్త్రం పద్నాలుగో అధికరణానికీ అదే పేరు, ఔపనిషదికం, అంటే రహస్య ప్రయోగాలు. అక్కడ శత్రువుల మీద ప్రయోగించే పొగలు, పొడులు. ఇంకా వెనక్కి వెళితే ఋగ్వేదం పదో మండలంలో ఒక ఇల్లాలు సవతిని వదిలించుకోవడానికి మూలిక తవ్వుతూ పాడే సూక్తం ఉంది. ఇవన్నీ రాసిపెట్టుకున్న దేశం, రాయడం రాని కోడళ్ళ మీద నేరం మోపింది.

మా ఎదురింట్లో ఒక పిన్ని ఉండేది. వరసకు పిన్ని. బాబాయికి పెళ్ళైన రెండో ఏడో మూడో ఏడో కడుపునొప్పి మొదలైంది. కడుపు ఖాళీ అయితే మంట, అర్ధరాత్రి లేచి కూర్చునేవాడు. ఏదైనా తింటే తగ్గేది. అర్ధరాత్రి పిన్ని లేచి మజ్జిగన్నం కలిపి పెడితే తిని పడుకునేవాడు. ఇక చూసుకోండి. "దాని చేతి కూడు తింటేనే గాని నిమ్మళించట్లా, ఇంకేం కావాలి రుజువు?" అని అత్తగారు వీధంతా చెప్పింది. మా నాయనమ్మ తలూపింది.

మందు కక్కించేవాళ్ళు ఉండేవాళ్ళు అప్పట్లో. ఇప్పుడూ ఉన్నారు. కొందరు ఏదో పసరు తాగించి వాంతి చేయిస్తారు. కొందరు పొట్ట మీద నోరు పెట్టి పీల్చి తీస్తారు. బాబాయిని అలా పీల్చేవాడి దగ్గరికే తీసుకెళ్ళారు. చూద్దామని పిల్లలం ఎడ్లబండి వెనక వేలాడుతూ వెళ్ళాం. వాడు బాబాయి పొట్టకు పసుపు రాసి, బొడ్డు పక్కన నోరు ఆనించి బుగ్గలు లోపలికి పీల్చాడు. లేచి అరటాకు మీద ఉమ్మాడు. నల్లటి చిన్న ముద్ద, దాంట్లో వెంట్రుకలు. జనం నోళ్ళు తెరిచారు. పిన్ని మొహం చూడటానికి అందరూ అటు తిరిగారు. ఆ ముద్ద ముందే వాడి దవడలో ఉందని చెప్పగలిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. తర్వాతెప్పుడో జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి ఇలాంటి మహిమల గుట్టు విప్పి చూపించారు గాని, అప్పటికి పిన్ని మీద పడాల్సిన ముద్ర పడిపోయింది.

ముద్ద బయటికొచ్చినా నొప్పి పోలేదు. చివరికి వాళ్ళ మామయ్యెవరో పట్టుబట్టి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తెల్లటి సున్నంనీళ్ళలాంటి బేరియం తాగించి ఎక్స్‌రే తీశారు. చిన్నపేగు మొదట్లో అల్సరని తేలింది. ఆ అల్సరు లక్షణమే అది, కడుపు ఖాళీగా ఉంటే మంట, తింటే ఉపశమనం. పిన్ని చేతి మహిమ కాదు, అన్నం మహిమ. డాక్టరు రాసిచ్చింది కూడా ఏమిటనుకున్నారు? తెల్లగా, చిక్కగా, తియ్యగా ఉండే మందు సీసా. నాయనమ్మ శాస్త్రం ప్రకారం అచ్చం అనుమానించాల్సిన సరుకే.

ఈ అల్సర్ల కథకి ఇంకో మలుపు ఉంది. ఎక్కువ కారం, ఎక్కువ దిగులు వల్ల వస్తాయని డాక్టర్లే చెబుతుండేవాళ్ళు అప్పట్లో. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు దీనికి ఎక్కువగా ఒక సూక్ష్మజీవి కారణమన్నారు. ఎవరూ నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులు పెంచిన ద్రావణాన్ని తానే గటగటా తాగేశాడు. కొద్దిరోజుల్లో వాంతులు, కడుపులో వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మందు ఎవరో పెట్టారని వెతికే లోకంలో తనకు తానే పెట్టుకుని చూపించిన మనిషి ఆయన. పిన్నికి ఈ సంగతి చెప్పాను. "ఆయన పెళ్ళాన్ని ఎవరూ ఏమీ అనలేదా?" అని అడిగింది.

పిన్నికి ఒక అలవాటు మిగిలిపోయింది. ఎవరు ఇంటికొచ్చినా, ఏ తీపి చేసినా, గరిటెడు తన అరచేతిలో వేసుకుని అందరి ఎదుటా ముందు తాను తినేది. తర్వాతే వడ్డించేది. ఎంగిలి అని ఎవరైనా మూతి ముడిస్తే ఊరుకునేది, కారణం చెప్పేది కాదు. కొత్తగా వచ్చిన కోడలికి అది అత్తగారి ఆబగా కనిపించి ఉంటుంది.

మరి మా నాయనమ్మ? ఆమె చివరి రోజుల్లో నేనూ కాస్త ధైర్యం చేసి, ఎందుకే ఆ పిన్నిని అన్ని మాటలన్నారు అని అడిగాను. చాలాసేపు వక్క నమిలింది. "మా అత్త నన్నన్లా?" అంది. అన్నీ బయటికొచ్చాయి. తాతయ్య పెళ్ళయ్యాక చుట్ట మానేశాడట. మందు పెట్టి మాన్పించిందని వాళ్ళత్త మూడు వీధుల్లో చెప్పుకుందట. "నేనేం పెట్టానురా, నాకు ఆ కంపు పడదని చెప్పా. అంతే." పెళ్ళాం చెబితే మొగుడు వినడమన్నది మందు లేకుండా జరగదని ఆ రోజుల్లో అందరూ గట్టిగా నమ్మారు. తన విషయంలో అబద్ధమని తెలిసి కూడా ఎదురింటి విషయంలో ఎలా నమ్మింది అంటే, నాకిప్పటికీ సమాధానం దొరకలేదు. నాయనమ్మకైతే ఆ ప్రశ్నే ప్రశ్నలా అనిపించలేదు.

తర్వాత ఉద్యోగరీత్యా నాలుగు రాష్ట్రాలూ తిరిగినప్పుడు, ఈ గుసగుస మా ఊరిది మాత్రమే కాదని తెలిసింది. మన మందు, తమిళుల మరుందు, కన్నడిగుల మద్దు, మలయాళీల మరున్ను ఒకే తల్లి పిల్లలు. తమిళులు దీన్ని ఇడుమరుందు అంటారు, అంటే పెట్టిన మందే. కన్నడంలో మద్దు హాకుతారు. మలయాళీలు మొహమాటం లేకుండా కైవిషం అన్నారు, చేతి విషం. ఆలప్పుళ జిల్లాలో చేర్తల దగ్గర తిరువిళ అనే చోట శివుడి గుడి ఉంది. కైవిషం తగిలిందనుకునేవాళ్ళకు అక్కడ మూలిక రసాన్ని పాలల్లో కలిపి తాగిస్తారు, వాంతి చేసుకుని వెళతారు. నాతో పనిచేసిన ఒకాయన ఇంజనీరు, పరీక్ష తప్పినందుకు ఆయన్ను చిన్నప్పుడు వాళ్ళమ్మ అక్కడికి తీసుకెళ్ళిందట. "నాకెవరు పెట్టారో తెలియదు గాని, లెక్కలు మాత్రం తర్వాత వచ్చాయి" అనేవాడు.

గ్రీకులకూ ఒకే మాట ఉంది, ఫార్మకాన్. మందూ అదే, విషమూ అదే, వలపు మాయా అదే. హోమరు కథలో ఒడిస్సియస్ అనే వీరుడి మనుషుల్ని సిర్సీ అనే మంత్రగత్తె పందులుగా మార్చింది దేంతోటి? జున్ను, బార్లీ పిండి, తేనె, ద్రాక్షసారా కలిపిన తియ్యటి పదార్థంతో. నాయనమ్మకు చెప్పి ఉంటే "తీపిలోనేగా!" అని ఉండేది. ఒడిస్సియస్‌కు మాత్రం విరుగుడు మూలికను దేవుడే వచ్చి చేతికిచ్చాడు. అక్కడా మగవాడి మూలిక వరం, ఆడదాని గిన్నె గండం. ఇంగ్లీషువాళ్ళ పోషన్, పాయిజన్ రెండూ లాటిన్‌లో తాగడం అనే ఒకే మాట నుంచి పుట్టిన కవలలు. ఎలిక్సిర్ దారి వేరు. అది అరబ్బీ అల్ ఇక్సీర్, దాని వెనక పుండు మీద చల్లే పొడికి గ్రీకులు పెట్టుకున్న పేరు. చావులేకుండా చేసే అమృతం మొదట్లో పుండు మీద పొడి!

చైనావాళ్ళది ఇంకా విచిత్రం. చావులేని మందు కోసం గంధకం, సురేకారం కలుపుతూ పోయిన రసవాదులకు తొమ్మిదో శతాబ్దం నాటికి తుపాకిమందు చేతికి తగిలింది. వాళ్ళ భాషలో దాని పేరుకి అర్థం నిప్పుమందు. మనమూ మందుగుండు అంటాం, తమిళులు వెడిమరుందు అంటారు. మరాఠీలో దారూ అంటే తాగేదీ, పేలేదీ. మూలమైన పారశీకంలో అది ఔషధం.

మన దగ్గర ఈ మాట పొలానికి కూడా వెళ్ళింది. పత్తికి మందు కొట్టాలి, మిరపకు మందు కొట్టాలి. సాయంత్రం బెల్టుషాపు దగ్గర కూర్చున్నవాడూ మందు కొడుతున్నాడు. పొద్దున చేనుకు కొట్టినవాడే సాయంత్రం తాను కొడతాడని మా ఊళ్ళో వేళాకోళం. దానికి నవ్వొచ్చే రోజులు 1980లలో పోయాయి. తెల్లదోమ పడి పత్తి పోయింది. మందు మీద మందు కొట్టినా దోమ చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. మా ఊళ్ళో ఎవరైనా పరిగెత్తుకుంటూ వచ్చి "ఫలానావాడు మందు తాగాడంట" అంటే, ఏ మందో ఆ గొంతును బట్టి తెలిసిపోయేది. ఎండ్రిన్ అనేది ఒక పురుగుమందు పేరన్న సంగతి మరిచి, చావుకే మారుపేరుగా వాడేవాళ్ళం. 1990లో దాన్ని నిషేధించారు. వేరే డబ్బాలు వచ్చాయి. 1997–98లో వరంగల్ వైపు లద్దెపురుగు పత్తిని తినేసి, రైతులు ఆ డబ్బాలే ఎత్తి తాగినప్పుడు పేపర్లో రోజూ అదే వాక్యం ఉండేది. పురుగుమందు తాగి. మా ఇంట్లో నాయనమ్మ కూడా అప్పటికి లేదు. ఉంటే, ఆ వాక్యంలో పెట్టిన చెయ్యి ఎవరిదని అడిగేదేమో. అప్పటికి ఈ మాట కోడళ్ళ చేతుల్లోంచి చాలా దూరం వెళ్ళిపోయింది.

ఈ మధ్య మా అక్క మనవరాలు టెక్సాస్ నుంచి వీడియోలో పిలిచింది. పదేళ్ళది, ఆదివారం తెలుగు బడికి వెళుతుంది. మంత్రగత్తె కథ రాసుకుని రమ్మన్నారట. "తాతయ్యా, మ్యాజిక్ పోషన్‌ని తెలుగులో ఏమంటారు?" మాయరసం అను, మంత్రజలం అను అన్నాను. వాళ్ళ టీచరు మాయాపానీయం అంటే చాలని చెప్పిందట. సరే, పిల్లల కథకు అది చాలు. ఏ నాయనమ్మా ఆ మాటతో ఎదురింటి కోడల్ని తిట్టలేదు, అదొక సుఖం. మందు అనే మాట మాత్రం చెప్పలేదు. దాన్ని వివరించాలంటే వక్క కత్తిరించే ఓపిక ఉన్న శ్రోత కావాలి.

దానికి బదులు ద్రౌపది సత్యభామల కథ చెప్పాను. కొంచెం మార్చి, రోగాల జాబితా తగ్గించి. బుద్ధిగా విని, "ఇంతకీ సత్యభామ అప్పటికే కృష్ణుడికి పెట్టేసిందా?" అని అడిగింది. పెట్టలేదమ్మా, ద్రౌపది కోప్పడేసరికి, స్నేహితురాళ్ళం కదా, సరదాకి అడిగానంతే అని సత్యభామ సర్దుకుంది, వ్యాసుడు అలాగే రాశాడు అన్నాను.

"అంటే పెట్టేసింది" అంది చిన్నది.